ఎండలో లారీకి చలిమంట

విజయవాడ ఆటోనగర్‌లో పాతతరం మేస్త్రీల చేతిలో ఒక విద్య ఉంది. డీజిల్ ట్యాంకులో ఎంత ఉందో తెలుసుకోవడానికి వాళ్లు గేజీని నమ్మరు. వేలి కణుపుతో ట్యాంకు రేకును కింది నుంచి పైదాకా కొట్టుకుంటూ వస్తారు. డీజిల్ ఉన్నంత మేరా చప్పుడు బరువుగా, మొద్దుగా వస్తుంది. ఖాళీ మొదలైన చోట ఠంగుమంటుంది. "ఇదిగో, ఇక్కడిదాకా ఉంది" అని చెయ్యి పెట్టి చూపిస్తారు.

ఆ పక్కనే నీలం మూతతో మరో చిన్న ట్యాంకు ఉంటుంది. డ్రైవర్లకు అది యూరియా ట్యాంకు. బంకుల్లో దాన్నే డీఈఎఫ్ అనో, యాడ్‌బ్లూ అనో అంటారు. అది మందపాటి ప్లాస్టిక్, కాబట్టి కణుపు విద్య దాని దగ్గర పారదు. దాని నెత్తిన బిగించిన మూతలాంటి భాగంలోంచి వైర్లతో పాటు రెండు గొట్టాలు ఇంజన్ వైపు వెళ్తుంటాయి. చాలా లారీల్లో ఆ గొట్టాల పని, ఇంజన్‌లో కాగిన కూలెంటును ట్యాంకులోకి పంపి మళ్లీ వెనక్కి తేవడం. అంటే యూరియా నీళ్లను వెచ్చబెట్టే హీటరన్నమాట.

మే నెలలో 45 డిగ్రీల ఎండ కాసే ఊళ్లో తిరిగే బండికి చలిమంట ఎందుకు? ఆ ట్యాంకులో ఉన్న ద్రవం స్వభావం తెలిస్తే జవాబు దొరుకుతుంది.

కుల్ఫీ బండి సూత్రం

డీజిల్ ఇంజన్ లోపల మంట చాలా వేడిగా ఉంటుంది. ఆ వేడికి గాలిలోని నత్రజని, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. ఊపిరితిత్తులకు ఇవి మంచివి కావు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలైన బీఎస్-6 నిబంధనలు వీటిని బాగా కట్టడి చేశాయి. అందుకు లారీలు ఎంచుకున్న మార్గం పొగగొట్టంలోనే ఒక రసాయనశాలను పెట్టుకోవడం. వేడి పొగలోకి యూరియా నీళ్లను సన్నటి తుంపరగా చిమ్ముతారు. యూరియా విడిపోయి అమ్మోనియా అవుతుంది. ఉత్ప్రేరకం మీద ఆ అమ్మోనియా నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి, మామూలు నత్రజనిగా, నీటి ఆవిరిగా మారిపోతుంది. కాల్చిన డీజిల్ ప్రతి 100 లీటర్లకు సుమారు 3 నుంచి 6 లీటర్ల యూరియా ద్రవం ఖర్చవుతుంది.

ఈ ద్రవంలో బరువు లెక్కన 32.5 శాతం యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన శుద్ధజలం. ప్రపంచమంతా ఐఎస్ఓ 22241 ప్రమాణం ప్రకారం ఇదే పాళ్లు పాటిస్తుంది. పొలంలో చల్లే వేపపూత యూరియాను నీళ్లలో కలిపి పోస్తే ఎందుకు కుదరదో కూడా ఈ ప్రమాణంలోనే ఉంది. పూతలోని నూనె, ఎరువులోని మలినాలు ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తాయి.

ఇంతకీ 32.5 శాతమే ఎందుకు? పుల్ల ఐసు, కుల్ఫీ అమ్మేవాళ్లు ఐసుముక్కల్లో ఉప్పు కలపడం చూసే ఉంటారు. ఉప్పు కలిసిన నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టవు, ఇంకా కిందికి దిగాలి. యూరియా కలిసినా అంతే. యూరియా పెరిగేకొద్దీ గడ్డకట్టే ఉష్ణోగ్రత దిగుతూ పోతుంది. కానీ ఆ దిగుడుకు ఒక హద్దుంది. 32.5 శాతం దగ్గర అది మైనస్ 11 డిగ్రీలకు చేరి ఆగుతుంది. అంతకు మించి యూరియా కలిపితే వ్యవహారం తిరగబడుతుంది. కరిగిన యూరియా నీళ్లలో ఇమడలేక స్ఫటికాలుగా బయటికొస్తుంది. ఓడల ఇంజన్లకు వాడే 40 శాతం ద్రవంలో సున్నా డిగ్రీల దగ్గరే స్ఫటికాలు కట్టడం మొదలవుతుంది.

ఈ పాళ్లకు మరో సుగుణం ఉంది. ఉప్పునీళ్లు గడ్డకట్టేటప్పుడు మొదట మంచినీటి ఐసు విడిపోయి, మిగిలిన నీళ్లు మరింత ఉప్పగా మారతాయి. 32.5 శాతం దగ్గర మాత్రం యూరియా, నీరు ఒకేసారి, అవే పాళ్లలో గడ్డకడతాయి. కరిగేటప్పుడూ అంతే. ఐసులోంచి మొదట కరిగిన చుక్కలోనూ 32.5 శాతమే ఉంటుంది. సగం కరిగిన ట్యాంకులోంచి తీసిన ద్రవాన్ని కూడా ధైర్యంగా చిమ్మవచ్చు. హీటర్ పనంతా ఈ ఒక్క ధర్మం మీదే నిలబడింది.

మరి గడ్డకట్టకుండా ఏదైనా మందు కలిపేస్తే పోదా? డీజిల్‌కు ఆ సదుపాయం ఉంది. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో విడుదల చేసిన శీతాకాలపు డీజిల్ మైనస్ 33 డిగ్రీల దాకా పారుతుంది. యూరియా ద్రవానికి ఆ అవకాశం లేదు. కలిపింది ఏదైనా చివరికి ఉత్ప్రేరకం మీదికే చేరుతుంది. అందుకని గడ్డకట్టనిచ్చి, తర్వాత కరిగించుకోవడమే మిగిలిన దారి. గడ్డకట్టినప్పుడు ద్రవం సుమారు 7 శాతం ఉబ్బుతుంది. సీసా నిండా నీళ్లుపోసి డీప్ ఫ్రిజ్‌లో పెడితే ఏమవుతుందో తెలిసిందే. ట్యాంకును కొద్దిగా సాగే ప్లాస్టిక్‌తో చేసి, పైన కొంత ఖాళీ వదిలేది అందుకే.

గిన్నెడు అన్నానికి బస్తా బియ్యమా?

లద్దాఖ్‌లోని ద్రాస్‌లో జనవరి రాత్రులు మైనస్ 20 డిగ్రీలకు దిగడం మామూలే. అక్కడ రాత్రంతా నిలిపిన లారీలో 40 లీటర్ల యూరియా ద్రవం తెల్లారేసరికి ఒకే దిమ్మ అయిపోయింది అనుకుందాం. ఈ ద్రవం లీటరుకు 1.09 కిలోలు తూగుతుంది, కాబట్టి దిమ్మ బరువు దాదాపు 44 కిలోలు. ఈ దిమ్మలో కిలో ఐసును కరిగించడానికి సుమారు 270 కిలోజౌళ్లు కావాలి. మొత్తం లెక్క 11,800 కిలోజౌళ్ల దగ్గర తేలుతుంది. లారీ 24 వోల్టుల బ్యాటరీ నుంచి 10 ఆంపియర్లు లాగే కరెంటు హీటర్ పెడితే దాని శక్తి 240 వాట్లు. ఆ హీటరుకు దిమ్మంతా కరగడానికి 13 గంటల పైనే పడుతుంది. ఈలోగా మళ్లీ చీకటి పడుతుంది.

అందుకే పెద్ద లారీలు కరెంటును నమ్ముకోకుండా ఇంజన్‌ను అడుగుతాయి. ఇంజన్ ఎలాగూ కిలోవాట్ల కొద్దీ వేడిని కూలెంటు ద్వారా రేడియేటర్‌కిచ్చి గాలికి వదిలేస్తుంది. అందులో కొంత పాయను మళ్లించి, ట్యాంకులో దించిన స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టపు చుట్ట గుండా తిప్పుతారు. మళ్లింపు దగ్గర కాపలాగా కరెంటుతో పనిచేసే వాల్వు ఉంటుంది. ట్యాంకులోని ఉష్ణోగ్రత సెన్సర్ చెప్పేదాన్ని బట్టి కంప్యూటర్ ఆ వాల్వును తెరుస్తుంది, మూస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలే ఎందుకంటే రాగినీ ఇత్తడినీ ఈ ద్రవం తినేస్తుంది.

ఇంకో సంగతి కూడా హీటరుకు కలిసొచ్చింది. గంటకు 20 లీటర్ల డీజిల్ తాగే లారీకి ఆ గంటలో కావలసిన యూరియా ద్రవం సుమారు ఒక లీటరు. గిన్నెడు అన్నం కావలసినప్పుడు బస్తా బియ్యం పొయ్యి మీద పెట్టం కదా. పీల్చే గొట్టం చివర చుట్టూ ఉన్న కాస్త ఐసు కరిగితే చాలు, మిగతాది దారిలో కరుగుతూ ఉంటుంది. చట్టం కూడా ఇదే దృష్టితో ఉంది. మన బీఎస్-6కు మాతృక అయిన యూరో-6లో భారీ వాహనాల నిబంధన ప్రకారం మైనస్ 7 డిగ్రీల వాతావరణంలో, ట్యాంకులో గడ్డకట్టి ఉన్న ద్రవం బండి స్టార్టయ్యాక 70 నిమిషాల్లోపు వాడకానికి అందాలి. ఈలోగా బండి నడవడానికి అభ్యంతరం లేదు. గడ్డకట్టిన యూరియా వల్ల ఇంజన్ స్టార్టవదన్నది అపోహ.

కాగితం మీద ఇంత సులువుగా కనిపించిన పని ట్యాంకులో మొండికేస్తుంది. చుట్ట చుట్టూ ఐసు కరిగి ద్రవమవుతుంది. పంపు దాన్ని పీల్చుకుంటుంది. ఆ చోట ఖాళీ గుహ మిగులుతుంది. గుహ గోడలు ఐసు, మధ్యలో గాలి. గాలి వేడిని అందిపుచ్చుకోవడంలో మహా బద్ధకస్తురాలు. చుట్ట ఎంత కాగినా వేడి అవతలి గోడకు చేరదు. పక్కనే 30 కిలోల దిమ్మ ఉన్నా పంపు గాలి మింగుతుంది. అందుకే డిజైనర్లు చుట్టను పీల్చే గొట్టం పక్కనే, ట్యాంకు అడుగుదాకా దించుతారు. పంపు నుంచి వెనక్కొచ్చే వెచ్చటి ద్రవాన్ని ఐసు మీద పడేలా చూస్తారు. మిగతా సాయం రోడ్డు మీది గతుకులు చేస్తాయి. బండి ఊగేకొద్దీ ద్రవం తొణికి గుహ గోడలను కడిగి కరిగిస్తుంది.

కార్లు, చిన్న వ్యాన్లలో ట్యాంకు చిన్నది, కాబట్టి అక్కడ కరెంటు హీటర్ సరిపోతుంది. అందులో తరచు వాడేది బేరియం టైటనేట్ లాంటి పింగాణీ బిళ్ల. ఒక స్థాయికి మించి వేడెక్కగానే దాని నిరోధం అమాంతం పెరిగి, కరెంటు దానంతటదే తగ్గిపోతుంది. కడుపు నిండగానే ఎవరూ చెప్పకుండా విస్తరి ముందునుంచి లేచిపోయే అతిథి లాంటిదన్నమాట. కాపలా వాల్వు అవసరం ఉండదు.

ట్యాంకు నుంచి పంపుకు, పంపు నుంచి పొగగొట్టానికి వెళ్లే సన్నటి గొట్టాల సంగతి వేరే. చలిప్రాంతపు బండ్లలో వాటికి వేడితీగెలు చుడతారు. అంతకంటే తెలివైన ఏర్పాటు మరొకటి ఉంది. బండి ఆపి తాళం తీయగానే పంపు కాసేపు వెనక్కి తిరిగి, గొట్టాల్లో మిగిలిన ద్రవాన్ని ట్యాంకులోకి లాగేసుకుంటుంది. గొట్టం ఖాళీ అయితే గడ్డకట్టడానికీ పగలడానికీ అందులో ఏమీ ఉండదు. బండి ఆపాక ఒకటి రెండు నిమిషాల పాటు లోపల జుయ్‌మని వినపడేది ఈ చప్పుడే. ఆ పని పూర్తికాకముందే బ్యాటరీ కటాఫ్ తిప్పేస్తే ద్రవం గొట్టంలోనే ఉండిపోతుంది. ద్రాస్‌లో అది గడ్డకడుతుంది. మన దగ్గర పొగగొట్టం వేడికి నీరు ఆవిరై, చిమ్మే ముక్కు దగ్గర తెల్లటి యూరియా రాయి పేరుకుంటుంది. రెండు చోట్లా నష్టం ఆ తొందరపాటుదే.

బావిలో రాయి వేసినట్టు

ఇక లోపల ఎంత ద్రవం ఉందన్న ప్రశ్న. డీజిల్ ట్యాంకుల్లో పాతకాలపు ఏర్పాటు సులువు. ఒక కడ్డీ చివర తేలే ఫ్లోటు, రెండో చివర నిరోధం మీద జారే లోహపు ముల్లు. యూరియా ట్యాంకులో ఇది నాలుగు రోజులు కూడా నిలవదు. బయటికి కనిపించే లోహాన్ని ద్రవం తింటుంది, ఆరినచోట స్ఫటికాలు కట్టి ముల్లును పట్టేస్తాయి.

అందుకని ముల్లును లోపల దాచారు. నిలువుగా ఒక మూసిన స్టీలు గొట్టం, దాని చుట్టూ ఉంగరంలా తేలే ఫ్లోటు, ఫ్లోటులో అయస్కాంతం. గొట్టం లోపల కొద్ది ఎడంలో వరసగా రీడ్ స్విచ్‌లు ఉంటాయి. గాజు గుళికలో రెండు సన్నటి ఇనుప రేకులు పెడితే అదే రీడ్ స్విచ్. అయస్కాంతం దగ్గరకొస్తే రేకులు అతుక్కుంటాయి, దూరమైతే విడిపోతాయి. బెల్ లాబ్స్‌లో 1936లో డబ్ల్యు.బి. ఎల్‌వుడ్ కనిపెట్టిన పరికరం ఇది. ఫ్లోటు ఏ మెట్టు ఎదురుగా ఉంటే ఆ మెట్టు స్విచ్ మూసుకుంటుంది. ఒక్కో మెట్టుకు ఒక్కో నిరోధం కాబట్టి ఫ్లోటు ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలిసిపోతుంది. ద్రవానికీ కరెంటుకూ మధ్య స్టీలు గోడ ఉంటుంది, అయస్కాంత బలం ఒక్కటే దాన్ని దాటుతుంది. గేజీ మెల్లగా జారకుండా గడి గడిగా దిగుతుందంటే, లోపల ఇలాంటి మెట్లున్నాయని అనుకోవచ్చు.

ఫ్లోటుకు ఇద్దరు శత్రువులు. మొదటిది ఐసు. గడ్డలో ఇరుక్కున్న ఫ్లోటు చెప్పేది నిన్న రాత్రి సంగతి. ట్యాంకు గడ్డకట్టేంత చల్లగా ఉన్నంతసేపూ ఆ మాటను కంప్యూటర్ పట్టించుకోకూడదు, పాత లెక్కనే పట్టుకుని ఉండాలి. రెండోది మన ప్రాంతపు శత్రువు, స్ఫటికం. ఎప్పుడూ ట్యాంకు అడుగంటేదాకా నడిపే బండిలో గొట్టం పైభాగం ఆరిపోయి తెల్లటి పొట్టు కడుతుంది. తర్వాత నిండా పోసినా ఫ్లోటు పైకి రాలేక మధ్యలో ఆగిపోతుంది. "క్యాన్ మొత్తం పోశా, గేజీ కదల్లేదు" అనే డ్రైవరు చెప్పేదీ నిజమే, గేజీ చూపేదీ దానికి తెలిసినంతలో నిజమే.

రెండో పద్ధతిలో కదిలే భాగమే లేదు. మేస్త్రీ కణుపు విద్యకు ఇది దగ్గరి చుట్టం. చిన్నప్పుడు చీకటి బావిలో రాయి వేసి, బుడుంగుమనేదాకా లెక్కపెట్టి లోతు అంచనా కట్టినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ట్యాంకు అడుగున ఒక బిళ్ల మన చెవికి అందని ధ్వనిని పైకి పంపుతుంది. ధ్వని ద్రవం పైతట్టుకు తగిలి వెనక్కొస్తుంది. వెళ్లి రావడానికి పట్టిన కాలమే లోతు. ఈ ద్రవంలో ధ్వని సెకనుకు సుమారు 1600 మీటర్లు పోతుంది. 40 సెంటీమీటర్ల లోతుకు రానూపోనూ పట్టేది సెకనులో రెండువేలో వంతు. మట్టం ఒక సెంటీమీటరు తగ్గితే తేడా సుమారు 12 మైక్రోసెకన్లు. చిప్‌కు అది చాలు.

ధ్వనితో మరో పని కూడా సాధించారు. మామూలు నీటిలో 20 డిగ్రీల దగ్గర ధ్వని వేగం సెకనుకు 1480 మీటర్లు. యూరియా పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది. కాబట్టి కచ్చితంగా తెలిసిన దూరంలో ఒక చిన్న లోహపు అడ్డం పెట్టి, అంతవరకు వెళ్లి వచ్చే కాలం కొలిస్తే ద్రవం చిక్కదనం తెలుస్తుంది. నీళ్లు కలిపినా, పొరపాటున డీజిల్ పోసినా వేగం మారి దొంగ దొరికిపోతాడు. అయితే వేడి కూడా వేగాన్ని మారుస్తుంది. అందుకే ఉష్ణోగ్రత సెన్సర్ పక్కన లేకుండా ఈ లెక్క తేలదు. మట్టం, చిక్కదనం, ఉష్ణోగ్రత కొలిచే మూడింటినీ, హీటర్ చుట్టనూ, పీల్చే గొట్టాన్నీ కలిపి ఒకే తలకట్టుగా ట్యాంకులోకి దించుతారు.

ఈ సెన్సర్ బలహీనత గాలిబుడగ. బంకులో గన్నుతో జోరుగా నింపినప్పుడు ద్రవం నురగెత్తుతుంది. బుడగలు ధ్వనిని చెదరగొడతాయి. మంచి సరుకు పోసినా డ్యాష్‌బోర్డు మీద "ద్రవం నాణ్యత బాలేదు" అన్న హెచ్చరిక రావచ్చు. కాసేపు ఆగితే నురగ అణుగుతుంది, లెక్క సర్దుకుంటుంది. అలాగే ఘాట్‌రోడ్డు ఎక్కుతున్నప్పుడు ద్రవం ఒక పక్కకు చేరుతుంది, బ్రేకు వేస్తే ముందుకు దూకుతుంది. ప్రతి తొణుకునూ నమ్మితే గేజీ పిచ్చెక్కినట్టు ఊగుతుంది. అందుకే కంప్యూటర్ చాలా కొలతల సగటు తీసుకుని నిదానంగా మాట మారుస్తుంది. నింపిన వెంటనే దీపం ఆరకపోవడానికి తరచు ఇదే కారణం.

ఈ కొలత మీద అంత పట్టింపు ఎందుకంటే, దీని వెనకాల శిక్ష ఉంది. యూరో-6లో ఆ శిక్షల క్రమం ఇలా సాగుతుంది. భారీ వాహనాల్లో మట్టం 10 శాతానికి దిగేలోపు హెచ్చరిక, ఇంకా దిగితే ఇంజన్ బలంలో 25 శాతం కోత, అప్పటికీ వినకపోతే గంటకు 20 కిలోమీటర్ల నడక. ద్రవం ఉండి కూడా సెన్సర్ తప్పు చెబితే, శిక్ష నిర్దోషికి పడుతుంది. ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. ఇలాంటి లోపాలతో బండ్లు ఉన్నట్టుండి శక్తి కోల్పోకుండా, మరమ్మతుకు మరింత గడువిచ్చేలా సాఫ్ట్‌వేర్ మార్చాలని 2025 ఆగస్టులో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ తయారీదారులకు మార్గదర్శకాలిచ్చింది.

మన దగ్గర ఆరడమే ముఖ్యం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో చలికి పేరుపడ్డ లంబసింగిలో కూడా ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు వస్తేనే వార్త. మైనస్ 11 మన నేల మీద లేదు. కానీ లారీకి ఊరు ఒకటి కాదు. కశ్మీరు ఆపిల్ హైదరాబాదు మార్కెట్‌కు వచ్చేదీ లారీ మీదే. ఒకే మోడల్ బండి రెంటచింతల ఎండలోనూ తిరగాలి, కార్గిల్ మంచులోనూ తిరగాలి. అందుకే చలిమంటను వెంటబెట్టుకు తిరుగుతుంది.

ద్రాస్‌లో హీటర్ వెలగకపోవడం జబ్బు. మన దగ్గర అది ఆరకపోవడం జబ్బు. కూలెంటు వాల్వులో చెత్త ఇరుక్కుని తెరుచుకునే ఉండిపోయిందనుకోండి. 80, 90 డిగ్రీల కూలెంటు ఎడతెగకుండా ట్యాంకు గుండా తిరుగుతుంది. యూరియా ద్రవానికి వేడి పడదు. ప్రమాణం ప్రకారం 25 డిగ్రీల లోపు నిల్వ ఉంచితే అది 18 నెలలు మన్నుతుంది. 30 డిగ్రీల లోపైతే 12 నెలలు, 35 దాకా వెళ్తే 6 నెలలే. ట్యాంకులో కాగితే యూరియా అక్కడికక్కడే విడిపోయి అమ్మోనియా కావడం మొదలవుతుంది. పొగగొట్టంలో జరగాల్సిన పని ట్యాంకులోనే జరిగిపోతుందన్నమాట. నీరు ఆవిరై పాళ్లు మారతాయి, ధ్వని వేగం మారుతుంది, నాణ్యత హెచ్చరిక వెలుగుతుంది. డ్రైవరు సరుకును అనుమానించి బంకువాడితో గొడవపడతాడు. కొత్తది పోయిస్తాడు. అదీ కాగుతుంది.

కంప్యూటర్ ఈ దొంగను పట్టగలదు. వాల్వు మూసినా ట్యాంకు వేడెక్కుతుంటే అనుమానించమని దానికి నేర్పవచ్చు. కానీ కంప్యూటర్ కంటే ముందు చెప్పగలిగినవి డ్రైవరు ముక్కు, చెయ్యి. మూత తీయగానే కళ్లు మండేలా అమ్మోనియా ఘాటు కొడితే ఒక గుర్తు. సర్వీసు వాళ్ల దగ్గరకు వెళ్లేముందు మరో పరీక్ష చేయొచ్చు. రెండు గంటలు నడిపిన బండిని నీడలో ఆపి, వేడికి దూరంగా ఉన్న పక్క నుంచి యూరియా ట్యాంకు మీద జాగ్రత్తగా చెయ్యి పెట్టి చూడాలి. బయటి గాలి అంత వెచ్చగా ఉంటే సరే. అన్నం గిన్నెలా కాలుతుంటే అడగాల్సింది బంకువాణ్ని కాదు, వాల్వును. కణుపుతో ట్యాంకు కొట్టి చూసే మేస్త్రీల విద్య ఈ ప్లాస్టిక్ ట్యాంకు దగ్గర పారదని మొదట్లో అనుకున్నాం. చప్పుడు వినే పని సెన్సర్ తీసుకుంది. అరచేత్తో వేడి చూసే పని మాత్రం ఇంకా వాళ్ల దగ్గరే ఉంది.